బీరువా మీది డిస్కులు

ఎలిజబెత్ పెళ్లయిన మొదటి ఏడాదిలోనే ఆ ఇంట్లోకి వీడియో గేమ్ వచ్చింది. ఉప్పల్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే ఆమె భర్త జోసఫ్ ఎంతో ఇష్టపడి కొన్నాడు. టీవీకి తగిలించి, చేతిలో రిమోటు లాంటిది పట్టుకుని ఊపితే తెర మీద మనిషి బొమ్మ బంతి విసురుతుంది. అప్పటికి పిల్లలు లేరు. నాచారంలోని ఆ ఇంటి ముందుగదిలో ఇద్దరూ బౌలింగ్ ఆడుతూ, వడ్డించుకున్న అన్నం చల్లారిపోయినా పట్టించుకునేవాళ్లు కాదు.

తర్వాత సుష్మ పుట్టింది. నాలుగేళ్లకు ఆరోన్ పుట్టాడు. ఎనిమిది డిస్కుల్లో నాలుగు వాళ్ల చేతుల్లోనే పోయాయి. ఒకదాన్ని ఆరోన్ చక్రంలా నేల మీద దొర్లించాడు. ఒకదాని మీద సుష్మ స్కెచ్ పెన్నుతో బొమ్మ గీసి, అమ్మ తిడుతుందన్న భయంతో గిన్నెలు తోమే పీచుతో రుద్దింది. ఒకటి మంచం కోడు కింద పడి విరిగింది. ఇంకొకటి ఏమైందో ఎవరికీ తెలియదు. అంత పాత గేమ్‌కు కొత్త డిస్కులు ఎక్కడా దొరకడం లేదు. మిగిలిన నాలుగింటిని ఎలిజబెత్ ఒక స్టీలు డబ్బాలో పెట్టి బీరువా మీదకు ఎక్కించింది.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ఆడాలన్నా ఆమెను అడగాల్సిందే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, సుష్మ కొంగు పట్టుకుని బతిమాలేది. ఎలిజబెత్ స్టూలు ఎక్కి డబ్బా దించి, మెత్తటి గుడ్డతో డిస్కు తుడిచి, తనే మెషీన్‌లో పెట్టేది. మల్లాపూర్‌లో మందులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఆరు రోజులూ సూపర్‌వైజర్ చెప్పినట్టు చేసే మనిషికి, ఆదివారం మధ్యాహ్నం ఆ పది నిమిషాలు తనవి. ఆమె ఎప్పుడూ అలా అనుకోలేదు గానీ, ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

ఆ ఏడాది జూన్‌లో, అదే ఇంట్లో ఉండే మరిది హెన్రీ పెళ్లయింది. లారీ నడిపే అతను నెలలో ఎక్కువ రోజులు ఊళ్లో ఉండడు. కొత్త కోడలు మరియా జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. డిప్లొమా చదివి, ఉప్పల్ చౌరస్తా దగ్గర రామస్వామి అనే ఆయన షాపులో ల్యాప్‌టాప్‌లు బాగు చేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. వంటింట్లో ఏది ఎక్కడ పెట్టాలో ఎలిజబెత్‌ను అడిగే పెడుతుంది. మొదటి మూడు నెలలు ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చం లేదు.

ఒక ఆదివారం డిస్కు మధ్యలో ఆగిపోయింది. ఆరోన్ ఏడుపు మొదలుపెట్టాడు. మరియా స్క్రూడ్రైవర్ తెచ్చుకుని మెషీన్ విప్పింది. లోపల ఒక రూపాయి బిళ్ల, చర్చి కానుక కవరు ముక్క, సగం కొరికిన బిస్కెట్టు ఉన్నాయి. అందరూ నవ్వారు. ఎలిజబెత్ కూడా నవ్వింది.

"అక్కా, డిస్కులు ఊకె తీసి పెడ్తుంటే ఇవి గూడ పోతయి," అంది మరియా, అన్నీ శుభ్రం చేసి మూత బిగిస్తూ. "నా దగ్గర పాత హార్డ్ డిస్కు ఉన్నది. నాలుగు గేములు దాంట్ల ఎక్కిస్త. ఇగ దాన్నుంచే ఆడొచ్చు. డిస్కు ముట్టే పనే ఉండదు. డిస్కు పెట్టే సందుకు లోపల్నుంచి పట్టీ అడ్డం పెడ్త, ఆరోన్ ఏం దూర్చలేడు."

"ఇన్నేండ్లు నేను సూస్కుంటనే ఉన్న గదా," అంది ఎలిజబెత్.

"నువ్వు సూస్కున్నవ్ గనకనే నాలుగన్న మిగిలినయి అక్కా."

"మంచిదే గదా, జేయనీ," అన్నాడు జోసఫ్.

మరియా మాటలో తప్పేమీ లేదు. అయినా ఎలిజబెత్ ఆ పూటంతా గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగింది.

మరియా షాపు నుంచి రాగానే రోజూ గంటో రెండు గంటలో ఆ మెషీన్ ముందు కూర్చునేది. చిన్న మెమరీ కార్డు పెట్టి ఏదో ఎక్కించింది. తెర మీద ఇదివరకు లేని కొత్త బొమ్మలు కనిపించాయి. పిల్లలిద్దరూ ఆమెకు చెరో పక్క అతుక్కుని కూర్చునేవాళ్లు. సుష్మ హోంవర్కు కూడా అక్కడికే తెచ్చుకునేది. అంతకుముందు ఎలిజబెత్ ఫ్యాక్టరీ నుంచి రాగానే గుమ్మంలో ఎదురొచ్చే పిల్ల, ఇప్పుడు తల తిప్పకుండానే "వచ్చినవా అమ్మా" అనేది. మూడు రోజుల్లో మూడు గేములు ఎక్కాయి. ఇక మిగిలింది బౌలింగ్.

ఆ ఆదివారం, కాపీ చేయకముందు చివరిసారి డిస్కు పెట్టి అందరూ బౌలింగ్ ఆడారు. అందులో ఎలిజబెత్ స్కోరు రెండువందల ముప్పై ఒకటి. పెళ్లైన కొత్తలో కొట్టింది. జోసఫ్ ఎన్నిసార్లు ప్రయత్నించినా దాన్ని దాటలేదు. పట్టికలో ఆమె పేరే పైన ఉండేది. మరియా ఆటకు కొత్తే. రిమోటు పట్టుకుని మణికట్టు కొద్దిగా తిప్పి వదిలేది, అంతే. మూడో ఆటలో రెండువందల నలభై నాలుగు కొట్టింది.

సుష్మ మంచం మీద ఎగిరింది. ఎలిజబెత్ అత్త సత్తమ్మ, పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా ఈ ఆట చూడటానికి కూర్చోని మనిషి, బోసి నోటితో నవ్వుతూ "నా చిన్నకోడలి చేతిల ఏదో ఉన్నదిరా" అంది. జోసఫ్ కూడా చప్పట్లు కొట్టాడు. ఎలిజబెత్ ఆ చప్పట్ల వైపే చూసింది. తను రెండువందల ముప్పై ఒకటి కొట్టిన రోజు అతను చప్పట్లు కొట్టలేదు. తనను ఎత్తుకుని గదంతా తిప్పాడు. ఆ సంగతి అతనికి గుర్తుందో లేదో అడగాలనిపించింది.

బుధవారం ఫ్యాక్టరీలో కరెంటు పనులున్నాయని సెలవిచ్చారు. సత్తమ్మ మేడిపల్లిలో కూతురింటికి వెళ్లింది. పిల్లలు బడికి తయారవుతుంటే మరియా బౌలింగ్ డిస్కు పెట్టి కాపీ మొదలుపెట్టింది.

"దీనికి మస్తు గీతలున్నయక్కా. మెషీన్ చదివిన కాడనే మళ్ల మళ్ల చదువుతది. సాయంత్రం దాక పడ్తది. హార్డ్ డిస్కు మీద పచ్చ లైటు కొట్టుకుంటుంటే మాత్రం వైరు గుంజొద్దు. గుంజితే లోపలియన్ని పోతయి." సుష్మ వైపు తిరిగి, "బడి నుంచి వచ్చినంక నువ్వే కాపల, సరేనా" అంది.

"సరే చిన్నమ్మా," అంది సుష్మ గర్వంగా.

అందరూ వెళ్లిపోయారు. ఎలిజబెత్ ఇల్లు ఊడ్చింది, బట్టలు ఆరేసింది. ముందుగదిలోకి వచ్చినప్పుడల్లా పచ్చ లైటు కొట్టుకుంటూ కనిపించింది. గోడ మీద హెన్రీ పెళ్లి ఫోటో పక్కన, సత్తమ్మ అద్దం కట్టించి పెట్టిన చిన్నకోడలి డిప్లొమా సర్టిఫికెట్ ఉంది. ఎలిజబెత్ పదో తరగతి తర్వాత చదవలేదు. గుడ్డతో ఆ అద్దం తుడిచింది. రేపటి నుంచి పిల్లలు తనను ఏమీ అడగరు అనుకుంది. స్టూలు ఎక్కే పని ఉండదు. బౌలింగ్ కూడా ఇక మరియా హార్డ్ డిస్కులోదే.

వంగి వైరు పట్టుకుని లాగేసింది.

లైటు ఆరిపోయింది. ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. వెంటనే మళ్లీ వైరు పెట్టింది. లైటు వెలిగింది గానీ కొట్టుకోవడం లేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి ఆగిపోయింది. టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఏడింటికి మరియా వచ్చి చూసింది. బౌలింగే కాదు, ముందు ఎక్కించిన మూడు గేములు కూడా కనిపించలేదు. మెషీన్ ముందు అలాగే కూర్చుండిపోయింది. జోసఫ్ పిల్లల్ని పిలిచాడు.

"ఎవరు ముట్టిన్రు దీన్ని?"

"నేను ముట్టలే డాడీ," అంది సుష్మ. "నేను కాపలున్న."

"ఆరోన్‌ను ముట్టనిచ్చినవా?"

"లేదు డాడీ."

జోసఫ్ భార్య వైపు చూశాడు. "నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదా. ఎవరు ముట్టిన్రు?"

ఎలిజబెత్ చేతిలో కూర గరిటె ఉంది. "పిల్లలు ఆడనే ఆడుకున్నరు," అంది.

అది అబద్ధం కాదు. పిల్లలు నిజంగానే అక్కడ ఆడుకున్నారు. జోసఫ్‌కు అంతే చాలింది. అతను కొట్టే మనిషి కాదు. కూతురి ముందు కూర్చుని, చిన్నమ్మ ఎంత కష్టపడి చేసిందో, పని అప్పగిస్తే ఇలా చేస్తావా అని మెల్లగా అడిగాడు. తిట్టి ఉంటే ఆ పిల్ల ఎదురు చెప్పేదేమో. మెల్లగా అడిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల రోజులు గేమ్ బంద్ అన్నాడు.

ఎనిమిదింటికి రోజూ లాగే అందరూ ప్రార్థనకు కూర్చున్నారు. సత్తమ్మ లేదు కాబట్టి జోసఫ్ బైబిల్ వాక్యం చదివాడు. తర్వాత ఒక్కొక్కరూ ఒక మాట చెప్పుకోవాలి. సుష్మ వంతు వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ప్రభువా, వైరు నేను తీసినట్టు నాకు యాదికి లేదు. ఒకవేళ నేనే తీసి మర్చిపోతే నన్ను క్షమించు. చిన్నమ్మ నా మీద అలగకుండ సూడు. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. తర్వాతి వంతు ఎలిజబెత్‌ది. "నాకు తలనొస్తున్నది" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీలో మాత్రల పట్టీలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే లెక్క రెండుసార్లు తప్పింది. మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి, షేరింగ్ ఆటో ఎక్కి ఉప్పల్‌లో దిగింది. మెట్రో స్తంభాల పక్కనే షాపు. అద్దం తలుపు వెనక మరియా బల్ల ముందు వంగి కూర్చుని ఉంది. టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది గానీ అన్నం ముట్టలేదు. ఆమె ముందున్న కంప్యూటర్‌కు ఆ హార్డ్ డిస్కే తగిలించి ఉంది.

"అక్కా, నువ్వేంది గిట్లొచ్చినవ్? ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?" అంటూ లేచి స్టూలు జరిపింది.

ఎలిజబెత్ కూర్చోలేదు. "మరియా, ఆ వైరు..."

"తెలిసిందక్కా," అంది మరియా. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. "ఇప్పుడే సూసిన. సగం ఎక్కిన ఫైలు ఒకటి దొరికింది. ఆఖరుకు రాసింది నిన్న పదకొండు నలభైకి. అప్పుడు పిల్లలు బళ్లె ఉంటరు."

ఎలిజబెత్ ఆ అంకెల వైపు చూస్తూ నిలబడింది. పక్క బల్ల దగ్గర రామస్వామి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"నేనే గుంజిన," అంది ఎలిజబెత్. "తెలిసే గుంజిన. నిన్ను సూస్తే నాకు మండింది. పిల్లలు నీ ఎంబడి తిరుగుడు, అత్త నిన్ను మెచ్చుకునుడు, అన్నీ సూసి తట్టుకోలేకపోయిన. సుష్మ మీదకు పోతదని అప్పుడు ఆలోచన రాలే. వచ్చినంక గూడ నోరు మూసుకున్న."

మరియా టిఫిన్ డబ్బా మూత తీసుకుని మెల్లగా పెట్టింది.

"నాకు మస్తు కోపమొచ్చిందక్కా," అంది. "జోసఫ్ బావకు ఫోన్ జేద్దామని తీసిన గూడ. మళ్ల పెట్టేసిన. నేనా ఇంటికొచ్చి ఆర్నెల్లు గాలే. ఉప్పు డబ్బా ఏడ పెట్టాల్నో గూడ నిన్నే అడుగుత. ఆ ఇంట్ల నా చేతికొచ్చిన పని ఇదొక్కటే. అది జేస్తేనన్న నన్ను లెక్కలకు తీస్కుంటరని చేసిన."

"నిన్ను ఎవరు లెక్క జేస్తలేరు?"

"అందరు నిన్ను అడుగుతరు. నన్నెవరు అడగరు."

ఎలిజబెత్ అప్పుడు స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమెను చూసి తను కుళ్లుకుంటుంటే, ఆమె తనను చూసి అలా అనుకుంటోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

"సుష్మకు నువ్వే చెప్పాలె," అంది మరియా. "నేను చెప్ప."

"నేనే చెప్త."

ఆ సాయంత్రం జోసఫ్ డిపో నుంచి వచ్చి బూట్లు విప్పకముందే ఎలిజబెత్ అందరినీ ముందుగదిలోకి పిలిచింది. మేడిపల్లి నుంచి వచ్చిన సత్తమ్మ కూడా ఉంది. వైరు తీసింది తనేనని చెప్పింది. ఎందుకు తీసిందో కూడా చెప్పింది. సత్తమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జోసఫ్ కూతురి తల మీద చెయ్యి వేసి, లేచి బయటికి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. అతను భార్యతో మామూలుగా మాట్లాడటానికి వారం పట్టింది.

సుష్మ మాత్రం అడిగింది. "నిన్న డాడీ అడిగినప్పుడు ఎందుకు చెప్పలే అమ్మా?"

"భయమైంది."

"నాకు గూడ భయమైంది," అంది సుష్మ. పుస్తకాల సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరియా నాలుగు రోజులు కూర్చుని మూడు గేములు మళ్లీ ఎక్కించింది. బౌలింగ్ డిస్కు మాత్రం ఇక చదవలేదు. రకరకాలుగా తుడిచి, పాలిష్ పెట్టి చూసింది. మెషీన్ గరగరమని శబ్దం చేసి ఆగిపోయేది. "ఇగ రాదక్కా" అని డిస్కు తీసి ఎలిజబెత్ చేతిలో పెట్టింది. డిస్కు పెట్టే సందుకు లోపలి నుంచి ప్లాస్టిక్ పట్టీ బిగించడానికి టార్చిలైటు పట్టుకోమని అడిగింది. ఎలిజబెత్ పట్టుకుంది. బిగించాక ఆరోన్ ఒక బిళ్ల తెచ్చి దూర్చబోయాడు. లోపలికి పోలేదు. వాడు చాలా నిరాశపడ్డాడు.

సుష్మ తల్లితో అవసరానికి మాత్రమే మాట్లాడుతోంది. ఆ సోమవారం ఉదయం బడికి టైమవుతుంటే, వంటింట్లో ఉన్న తల్లిని దాటుకుని వెళ్లి మరియా ముందు కూర్చుంది.

"చిన్నమ్మా, రెండు జడలేస్తవా?"

మరియా వంటింటి వైపు చూసింది. ఎలిజబెత్ అంతా వింది. వైరు లాగిన రోజు మండినట్టే మళ్లీ మండింది. స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, అల్మారాలోంచి దువ్వెన, రిబ్బన్లు తీసుకొచ్చి మరియా పక్కన పెట్టింది.

"ఎడమ పక్క వెంట్రుకలు చిక్కులుంటయి," అంది. "జర మెల్లగ దువ్వు."