దారిలో దొరికిన బెర్నీస్

పన్నెండేళ్ళుగా మార్డెల్ కోస్ట్కా కోరుకుంటున్నది ఒక్కటే. తను తెచ్చి రోడ్డు మీద పెట్టిన పరికరం మీదుగా టోర్నడో సుడిగాలి ఒక్కసారి నడిచిపోవాలి. ఊళ్ళ మీదుగా వద్దు, మనుషుల మీదుగా అసలే వద్దు. యాభై పౌన్ల ఆ ఇనప బొచ్చె మీదుగా వెళితే చాలు. పైన మబ్బుల్లో సుడి ఎలా తిరుగుతుందో రాడార్లు చెబుతాయి. నేలకు జానెడెత్తున, గడ్డి మొదళ్ళ దగ్గర గాలి ఏం చేస్తుందో మాత్రం ఎవరూ సరిగా కొలవలేదు. అది తెలిస్తే ఇళ్ళు ఎలా కట్టాలో తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఆ బొచ్చెకు బెర్నీస్ అని పేరు పెట్టింది వ్యాను నడిపే డోయిల్. అది అతని అత్తగారి పేరు. ఎంత గాలి వీచినా ఉన్నచోటు నుంచి కదలని మనిషి తనకు తెలిసి ఆవిడ ఒక్కతేనని అతను చెప్పేవాడు. లెక్కంతా బెర్నీస్ తన కడుపులోనే రాసుకుంటుంది. తర్వాత తెచ్చి విప్పి చూసుకోవాలి. పన్నెండేళ్ళలో తొంభై మూడుసార్లు పెట్టారు. టోర్నడో ఒకసారి కుడికి తిరిగింది, ఒకసారి ఎడమకు తిరిగింది, ఒకసారి ఇంకో వంద గజాలుందనగా గాలిలో కలిసిపోయింది. వాటికి తన మీద కక్ష ఉందని మార్డెల్ బయటికి అనలేదు గానీ మనసులో అనుకునేది.

జూన్ తొమ్మిది. మర్నాడు వ్యాను తిరిగి అప్పగించాలి. ఈ ఏడు కూడా కొలత రాకపోతే పరిశోధన ఆపేస్తామని విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చి చెప్పారు. బడిపిల్లలు చూడటానికి బెర్నీస్‌ను మ్యూజియంలో పెడతారట. గాజుపెట్టెకు కొలతలు కూడా తీసుకుపోయారు. పన్నెండేళ్ళలో బెర్నీస్‌కు సంబంధించి ఎవరైనా సక్రమంగా తీసిన కొలతలు అవే.

మధ్యాహ్నం నాలుగింటికి పడమట మబ్బు గోడలా లేచింది. ఓక్లహోమాలో సుడిని వేటాడే జనమంతా పెట్రోలు బంకు దగ్గరే ఉన్నారు. అరవై కార్లు, వాటి నెత్తిన అరవై రకాల గొట్టాలు. ఒకడు మబ్బుకు వీపు తిప్పి, ఫోనులో తన ముఖమే తనకు చూపించుకుంటూ ఆవేశంగా మాట్లాడుతున్నాడు. వీళ్ళంతా తారురోడ్డు ఎక్కితే ఇక కదిలే పని లేదు. కిందటేడు మే నెలలో ఈ కార్ల బారులో ఇరుక్కోవడం వల్లే ఒక మంచి టోర్నడో చేజారింది. అందుకే మార్డెల్ పొలాల మధ్య మట్టిరోడ్డు పట్టించింది.

"పొద్దున వాన పడింది డాక్టర్ గారూ. ఈ ఎర్రమట్టి మీద బండి వెన్న మీద జారినట్టు జారుద్ది" అన్నాడు డోయిల్.

"జారనీ. తారురోడ్డు మీదైతే ఆ ఫోనువాడి వెనకాల నిలబడాలి."

"అయితే జారడమే మేలు."

అయిదుంపావుకు కోతకొచ్చిన గోధుమ చేల మధ్య, ఒక నాలుగురోడ్ల కూడలిలో ఆపారు. నైరుతిన మబ్బులోంచి సుడి గరాటాలా దిగుతోంది. ఇద్దరూ పట్టి బెర్నీస్‌ను దింపారు. మీట నొక్కితే పచ్చదీపం వెలిగింది. "ఉంటాం అత్తగారూ" అని డోయిల్ టోపీ తీశాడు. తూర్పుకు తిప్పి పరుగు పెట్టించారు.

అరమైలు వెళ్ళారో లేదో వెనక అద్దంలో ఒక పాత తెల్ల పికప్ ట్రక్కు కనబడింది. దీపాలు ఆర్పి వెలిగిస్తూ, హారన్ మోగిస్తూ వెంటపడుతోంది.

"ఎవడో మనల్ని ఆపాలని చూస్తున్నాడు" అన్నాడు డోయిల్.

"ఇంకెవడు, వేటగాళ్ళలో ఒకడు. మన వెనకాల వస్తే సుడి దొరుకుద్దని ఎవరో చెప్పుంటారు. ఆపకు."

ఇంతలో ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు. కట్ చేసింది. మళ్ళీ మోగింది. నాలుగోసారి మోగేసరికి ఫోను నోరు నొక్కేసి సీటు కింద పడేసింది. అద్దంలో పికప్ అడ్డంగా జారి గుంటలోకి దిగింది.

"పడ్డాడు" అన్నాడు డోయిల్.

మార్డెల్ మబ్బు వైపు చూసి లెక్క వేసింది. "సుడి దారికి వాడు దూరంగానే ఉన్నాడు. లేస్తాడులే, పోనీ."

రెండు మైళ్ళ అవతల గట్టు మీద ఆపి దిగారు. టోర్నడో నేలకు తాకింది, ఎర్రమట్టిని పీల్చుకుని తానూ ఎర్రబడింది. గోధుమ చేను దాటింది. కంచె దాటింది. మార్డెల్ కుడికి తిరుగుతుందని ఎదురుచూసింది, తిరగలేదు. ఎడమకు తిరుగుతుందని ఎదురుచూసింది, తిరగలేదు. కరెంటు స్తంభాల దగ్గర నీలంగా రెండు మెరుపులు మెరిశాయి. కూడలి మీదకొచ్చి, ఆ చోటు నచ్చినట్టు కాసేపు నెమ్మదించి మరీ దాటింది.

మార్డెల్ రోడ్డు మీదే చతికిలబడి ఏడ్చేసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ముక్కు చీదుకుంటూ, సిగ్గుపడకుండా ఏడ్చింది. డోయిల్ వాన బురదలో గుండ్రంగా తిరుగుతూ చిందులేశాడు. ఇక విశ్వవిద్యాలయం వాళ్ళు నోరెత్తలేరు. గాజుపెట్టెలో కావాలంటే ఏ చేపనో పెంచుకోవచ్చు.

అప్పుడే ఒంటినిండా బురదతో ఆ తెల్ల పికప్ గట్టెక్కి వచ్చి ఆగింది. డెబ్భై దాటిన రైతు దిగాడు. టోపీ అంచు ముట్టుకుని పలకరించాడు.

"నా పేరు వెర్లిన్ ఊన్రూ అండి. అబ్బ, మిమ్మల్ని అందుకోడం మహా కష్టమైపోయిందమ్మా. ఇది మీ బండిలోంచి పడిపోయింది."

పికప్ వెనక తలుపు దించాడు. దుప్పటి పరిచి, దాని మీద బెర్నీస్‌ను దెబ్బ తగలకుండా పెట్టుకొచ్చాడు. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

డోయిల్ చిందులు ఆగిపోయాయి.

"ఫోను నాలుగుసార్లు చేశానండి" అన్నాడు వెర్లిన్, తన వైపు నుంచి లోపం లేదని తెలియాలన్నట్టు. "దాని మీద నంబరుంది కదా."

నిజమే. గాలి ఎక్కడికైనా విసిరేస్తే దొరికినవాళ్ళు చెప్పాలని మార్డెల్ స్వయంగా రాసి అంటించిన కాగితం అది. 'ఇది మీకు కనబడితే దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి.' పన్నెండేళ్ళలో మూడుసార్లు తిరగరాసింది. ముట్టుకోవద్దని రాయాలని ఒక్కసారీ తోచలేదు. ఈ చుట్టుపక్కల ఒకరి బండిలోంచి గడ్డిమోపు జారినా వెనకవాడు ఎత్తుకుని పది మైళ్ళు వెంటపడతాడన్న సంగతి, ఇక్కడే పుట్టి పెరిగిన ఆమెకు తెలియనిదీ కాదు.

చివరికి డోయిల్ చెప్పాల్సి వచ్చింది. వెర్లిన్ ఒక్కో ముక్కా కూడబలుక్కున్నాడు.

"అంటే, కావాలనే అక్కడ పెట్టారా?"

"కావాలనే పెద్దాయనా."

"టోర్నడో దాని మీదుగా పోవాలని."

"అదే."

"పోయింది కదా."

"పోయింది. అంగుళం తేడా లేకుండా పోయింది."

వెర్లిన్ టోపీ తీసి లోపలికి చూశాడు. అక్కడేమీ దొరకలేదు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ మాట కూడా రాసుండాల్సిందమ్మా" అన్నాడు మెల్లిగా.

మార్డెల్‌కు పన్నెండేళ్ళ కోపం నోటిదాకా వచ్చింది. ఇదిగో ఇప్పుడు దులిపేస్తుందనగా, వెర్లిన్ పడమటికి తిరిగి చూసి తెల్లబోయాడు. "కూడలి పక్కదే మా ఇల్లు. మా ఆర్డిత్ నేలమాళిగలో ఉంది" అన్నాడు.

కోపం దారిలో చూసుకోవచ్చని మార్డెల్ వ్యాను ఎక్కింది. రెండు మైళ్ళూ ఆ ముసలాయనకు చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకుంటూనే ఉంది. బాగా కుదిరాయి కూడా.

ఇంటి ముందుభాగం లేదు. వసారా లేదు, దాని కప్పు లేదు, వసారా ఉండేదని చెప్పడానికి మూడు సిమెంటు మెట్లు మిగిలాయి. పెరట్లో నేలమాళిగ తలుపు మీద చెట్టుకొమ్మ పడి ఉంది. ముగ్గురూ కలిసి ఈడ్చారు. తలుపు తీయగానే సన్నగా, పొడుగ్గా ఉన్న ఆర్డిత్ పైకొచ్చి, మొగుణ్ణి చూసి, చేతిలో ఉన్న టార్చిలైటుతో భుజం మీద ఒకటి వేసింది.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"వీళ్ళ వస్తువు తిరిగిద్దామని వెళ్ళానే."

ఆర్డిత్ మార్డెల్ వైపు తిరిగింది. పరిచయాలేమీ అడగలేదు.

"పెళ్ళయి నలభై మూడేళ్ళమ్మా. సుడి వస్తోందని సైరన్ మోగితే నేను కిందికి, ఈయన వసారాలో కుర్చీలోకి. తమాషా చూడాలి కదా మరి. నేను కిందనుంచి రమ్మని అరుస్తా, 'ఒక్క నిమిషం ఆర్డిత్' అంటాడు. ఇవాళా అరిచా. ఆ మాట రాలేదు. ఆ హోరంతా ఆగిపోయాక కూడా అరిచా. అప్పుడూ రాలేదు." టార్చి ఆర్పి జేబులో పెట్టుకుంది. "ఇంక అంత్యక్రియలకి ఎవరు ఏం వండి తెస్తారా అని ఆలోచిస్తూ కూర్చున్నా. ఈయన చెల్లెలు ఆ బంగాళాదుంపల వంటకమే తెస్తుంది. ఈయనకది పడదు."

మార్డెల్ మెట్ల వైపు చూసింది. కుర్చీ ఎక్కడుండేదో అడగాల్సిన పని లేదు. వరస పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. ఆ ముసలాయన ఎదురుగా, బురద కాళ్ళతో, భుజం రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. అది ఆమెకు సంతోషంగానే ఉంది, ఏడుపు కూడా వస్తోంది.

"ఈయనకిదొక జబ్బమ్మా. కనబడిందల్లా తీసుకెళ్ళి ఇచ్చేదాకా నిద్రపట్టదు" అంది ఆర్డిత్, పికప్‌లో ఉన్న బెర్నీస్‌ను చూసి. "దీన్ని తీసి మీకేమన్నా నష్టం చేశాడా?"

వెర్లిన్ నేల చూపులు చూశాడు.

"లేదండి" అంది మార్డెల్. "ఎలాగూ దాన్ని తీసెయ్యాల్సిందే. మాకు శ్రమ తప్పించారు."

పన్నెండేళ్ళలో ఆమె చెప్పిన చిన్న అబద్ధాన్ని కూడా ఊరికే పోనివ్వని డోయిల్, వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అతను వేసుకున్న బూట్లకు లేసులు లేవు.

వెర్లిన్ పికప్ దగ్గరికెళ్ళి బెర్నీస్‌ను ఎత్తుకున్నాడు. డోయిల్ చెయ్యి వేయబోతే వద్దని తల ఊపాడు. యాభై పౌన్లు ఒక్కడే మోసుకెళ్ళి వ్యానులో పెట్టి, కదలకుండా తన దుప్పటే చుట్టూ దోపి, తలుపు మూసి, గడి పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు.