సంచీ లేని సాయంత్రం

టైలరమ్మ పెట్టిన షరతు ఒక్కటే. సంచీ ఇంట్లో ఉండాలి.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ పనిముట్ల సంచీ వాళ్లతో రాని చోటు లేదు. పెళ్లిళ్లకు వచ్చింది. సినిమాలకు వచ్చింది. చెల్లెలి కాన్పుకు ఆస్పత్రికి వెళ్తే అక్కడికీ వచ్చింది. పాప పుట్టిందన్న కబురు అందేసరికి ఈయన మూడో అంతస్తులో లిఫ్టు తలుపు విప్పి కూర్చున్నాడు.

"చిన్న రెంచీ అయినా జేబులో వేసుకోనా?" గుమ్మం దగ్గర బతిమాలాడు.

"వేసుకోండి. షికారుకు దాన్నే తీసుకెళ్లండి. నేనింట్లో ఉంటా."

రెంచీ బల్ల మీదికి వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లాం చేతులూపుకుంటూ బస్సెక్కారు.

ఆయన్ని ఊళ్లో లిఫ్టుల పనివాళ్లంతా చెవి మేస్త్రి అంటారు. లిఫ్టెక్కి, అరచెయ్యి గోడకానించి, కళ్లు మూసుకుంటాడు. నాలుగు అంతస్తులు దాటేలోపు రోగం చెప్పేస్తాడు. మిగతావాళ్లు మీటర్లు పెట్టి పూటంతా వెతికినా దొరకనిది ఆయన చెవికి దొరికిపోయేది. రాత్రి భోజనం దగ్గర ఆ రోజు విన్న చప్పుళ్లన్నీ నోటితో వినిపించేవాడు. డుగుడుగుమంటే పట్టాల మీద జారే బూటు అరిగినట్టు. కుయ్యిమంటే బేరింగు ఎండినట్టు. గోటితో గాజు మీద కొట్టినట్టు టిక్కుమంటే తాడులో తీగ తెగినట్టు. ఆవిడ అన్నం కలుపుకుంటూ ఇరవై రెండేళ్లు ఆ పాఠాలు వింది. పైగా ఆవిడదీ మిషను పనే. సూది మొన వెంట్రుకవాసి వంగినా, గుడ్డ పాడవకముందే చప్పుడును బట్టి పట్టేస్తుంది.

సాయంత్రం అయిదున్నరకు ఆ కొత్త పేటలో దిగారు. బళ్లు రాని రాతి వీధులు. మనిషెత్తు దీపాలు. ఇటు అద్దాలు, అటు అద్దాలు. అక్కడ కుక్కలు కూడా అద్దంలో ఓసారి చూసుకుని గానీ ముందుకు నడవవు.

"అందరూ మనల్నే చూస్తున్నారే," అన్నాడు మేస్త్రి కాలరు సర్దుకుంటూ.

"చూడనివ్వండి. చూస్తారనేగా మూడు వారాలు కూర్చుని కుట్టుకున్నా."

నీలం రంగు పొడుగు గౌను. మెడకు అదే గుడ్డలో మిగిలిన పట్టు ముక్కతో స్కార్ఫు. చాక్లెట్ల దుకాణంలో అమ్మే ఆవిడ చాక్లెట్లు వదిలేసి ఆ గౌను అంచే చూసింది.

"ఏ షాపులో కొన్నారండీ?"

"మా వీధిలోనే. మంచి షాపు. ఓనరు నాకు బాగా తెలుసు," అంది టైలరమ్మ ఏమాత్రం తొణక్కుండా.

నారింజ తొక్క మీద నల్ల చాక్లెట్టు పోసి ఆరబెట్టిన ముక్కలు ఆరు కొన్నారు. ఒకటి అక్కడే కొరికింది. ముందు చేదు తగిలింది, తరవాత పులుపు, అన్నీ అయిపోయాక తీపి. "మీ అమ్మగారిలాగే ఉంది," అంది. మేస్త్రి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడకు ఒళ్లు తేలికపడింది. ఈ సాయంత్రం నాది, అనుకుంది.

ఐస్‌క్రీము దగ్గర చిన్న తేడా వచ్చింది. టోకెను తీసుకుని మేస్త్రి కౌంటరు ముందే నిలబడ్డాడు. వీళ్ల నంబరుకు గంట సన్నగా మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగితే ఆవిడే వెళ్లి కప్పులు తెచ్చింది. పరధ్యానంలో ఉన్నాడు, సంచీ మీద బెంగ కాబోలు అనుకుని ఊరుకుంది.

అక్కడి నుంచి ఏడంతస్తుల మేడకు నడిచారు. డాబా మీద కొత్త హోటలు. దాని మేనేజరు స్వయానా ఆవిడ చెల్లెలి మొగుడు. ఆ రాత్రి ఏడున్నరకు నలభై మంది పెద్ద అతిథులు వస్తారని, వాళ్లకంటే ముందే వచ్చి ఊళ్లోకెల్లా మంచి బల్ల దగ్గర కూర్చోమని వీళ్లిద్దర్నీ పిలిచాడు. ఆ మేడ లిఫ్టు బాగోగులు చూసే పని మేస్త్రికి ఇప్పించిందీ ఆ తోడల్లుడే. నెల కిందటే మేస్త్రి తనిఖీ చేసి, 'అంతా సవ్యం' అని సంతకం పెట్టి వచ్చాడు.

లిఫ్టు ఎక్కారు. అలవాటు ఊరుకోదుగా. మేస్త్రి చెయ్యి గోడకానింది, కళ్లు మూసుకున్నాయి.

నాలుగు దాటింది. అయిదు రాకముందు తల మీద ఎక్కడో, చాలా పైన...

టిక్.

టైలరమ్మ ఉలిక్కిపడి మొగుడి మొహం చూసింది. ఆయన హాయిగా నవ్వుతున్నాడు.

"చూశావా? పట్టు మీద నడిచినట్టుంది."

ఐస్‌క్రీము కొట్లో మూడుసార్లు మోగిన గంట ఆవిడకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఈ మధ్య పొద్దున్న అలారం తనే ఆపుతోందన్నది గుర్తొచ్చింది.

పైన చెల్లెలు ఎదురొచ్చింది. "అక్కా! ఈ గౌను నాకిచ్చెయ్, నువ్వు నెలరోజుల్లో ఇంకోటి కుట్టుకో."

"ముందు తిండి పెట్టు. తరవాత దోచుకుందువుగాని."

మరిది సూటులో మెరిసిపోతూ వచ్చాడు. "రండి వదినగారూ! అన్నయ్యా, ఇవాళ సంచీ లేకుండా వచ్చావంటే నమ్మలేకపోతున్నా. చెయ్యి విరిగినట్టు లేదూ?"

బల్ల నిజంగానే బాగుంది. కింద ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. వేడివేడి జున్ను బిళ్లలు వచ్చాయి, నోట్లో వెయ్యగానే కరిగిపోయే రకం. టైలరమ్మ ఒకటి తింది.

ఒక్కసారే విన్నా. పొరపాటు పడి ఉండొచ్చు, అనుకుని లేచింది.

"స్కార్ఫు కింద పడేసుకున్నట్టున్నా. వెతుక్కుని వస్తా."

నిజానికి స్కార్ఫు మెడ నుంచి తీసి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. ఒక్కర్తే లిఫ్టెక్కి కిందికి దిగింది. అయిదుకూ నాలుగుకూ మధ్య, టిక్. మళ్లీ పైకొచ్చింది. టిక్, టిక్. ఈసారి రెండు.

పొరపాటు కాదు.

ఇప్పుడు చెప్పాలి. ఎలా? తాడు పాడైందని చెబితే చాలదు. నెల కిందట సంతకం పెట్టిన మనిషి ఎందుకు పట్టుకోలేదని అడుగుతారు. చెవి మేస్త్రికి చెవి పోయిందని తోడల్లుడి ఎదట తేలిపోతుంది. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. చెప్పకపోతే, ఇంకో ముప్పావుగంటలో నలభై మంది ఆ పెట్టెలో ఎక్కుతారు.

టైలరమ్మ బల్ల దగ్గరికి వచ్చి, మొగుడి కుర్చీ వెనక నిలబడి, గాజు గ్లాసు మీద గోటితో టిక్కుమనిపించింది. ఆయన కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. పక్కబల్ల దగ్గరున్న చెల్లెలు తిరిగి చూసింది. ఆయన చూడలేదు.

ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఎప్పటి నుంచండీ?"

మేస్త్రి చెంచా కింద పెట్టాడు. ఏమిటని అడగలేదు. "చలికాలం నుంచి. లావు చప్పుళ్లు వినబడుతున్నాయి. సన్నవే..." ఆగిపోయాడు. "నీకెలా తెలిసింది?"

"మీ లిఫ్టు చెప్పింది. నాలుగుకూ అయిదుకూ మధ్య. టిక్కు. ఎక్కేటప్పుడు ఒకటి. ఇప్పుడు రెండు."

"ఎన్నిసార్లు విన్నావు?"

"మూడుసార్లు."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. తాళాలగుత్తి తీశాడు. లిఫ్టు మోటారుండే పై గది తాళంచెవి దానికే ఉంది. సంచీ వద్దంది గానీ తాళాలు వద్దనలేదుగా.

మరిది ముందు విషయం పెట్టింది టైలరమ్మే. "లిఫ్టు ఆపాలి మరిదిగారూ. తాడులో తీగ తెగినట్టుంది."

"ఎవరన్నారు? అన్నయ్యా?"

"నేను విన్నా."

మరిది వాచీ చూసుకున్నాడు. ఆరూ యాభై. "వదినగారూ, మీమీద గౌరవం లేక కాదు. అది కుట్టుమిషను కాదండీ. మొన్ననేగా అన్నయ్య చూసి సంతకం పెట్టాడు? వంటిల్లు కింద ఉంది, ప్లేట్లన్నీ దాన్లోనే రావాలి. ఏడున్నరకు మా యజమాని అత్తగారు వస్తారు. ఏడంతస్తులు మెట్లెక్కమనమంటారా ఆవిణ్ణి? రేపు పొద్దున్నే ఆపుదాం, అందాకా..."

అందాకా అనేసరికే టైలరమ్మ నాలుగడుగులు వేసి లిఫ్టు గుమ్మంలో నిలబడింది. తలుపులు మూసుకోబోయి, ఆవిడ భుజానికి తగిలి, మర్యాదగా వెనక్కి పోయాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ పోయాయి.

"వదినగారూ, బాగోదు. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. గౌను బాగానే ఉందిగా. ఆపేదాకా నేనిక్కడే. భోజనం కూడా ఇక్కడికే పంపించండి."

చెల్లెలు వెళ్లి ఓ కుర్చీ మోసుకొచ్చి, అక్క వెనక వేసింది. "కూర్చో అక్కా. కాళ్లు పీకుతాయి."

"నువ్వు కూడానా?" అన్నాడు మరిది.

"చిన్నప్పుడు మా ఇంట్లో గ్యాసు లీకైందని అక్క అంటే ఎవరూ నమ్మలేదు. అది వీధిలో కూర్చుని ఏడ్చి, అందర్నీ బయటికి రప్పించింది. ఆ రోజు దాని మాట విన్నారు కాబట్టే మీకు పెళ్లాం దొరికింది. వినండి."

మరిది వాచీ చూసుకున్నాడు. "పావుగంట. ఒక్క పావుగంట ఇస్తా."

"చాలు," అన్నాడు మేస్త్రి.

లిఫ్టు ఖాళీ చేసి తలుపులు మూశారు. ఎవరూ దగ్గరికి రాకుండా చెల్లెలు ఆ కుర్చీలోనే కాపలా కూర్చుంది. మొగుడూ పెళ్లాం డాబా చివరి ఇనప మెట్లెక్కి పై గదిలోకి వెళ్లారు. వేడి గాలి, నూనె వాసన, మధ్యలో మనిషంత చక్రం. దాని గాడుల్లోంచి అయిదు ఉక్కు తాళ్లు కిందికి దిగుతున్నాయి. కింద ఎవరు బొత్తాం నొక్కినా లిఫ్టు కదలకుండా మేస్త్రి మీట తిప్పాడు.

"ఈ బొత్తాం పట్టుకో. నొక్కినంతసేపూ నత్తలా దిగుతుంది. ఆపమనగానే వదిలెయ్. ఓ గుడ్డ ఉంటే ఇవ్వు."

సంచీ ఉంటే అందులో పాతగుడ్డలు బోలెడు. ఆవిడ హ్యాండుబ్యాగులో గుడ్డన్నది పట్టు స్కార్ఫు ఒక్కటే. ఒక్క క్షణం చూసింది. ఇచ్చేసింది.

చక్రానికి దూరంగా నిలబడి ఆయన మొదటి తాడు చుట్టూ స్కార్ఫు వదులుగా పట్టుకున్నాడు. ఆవిడ బొత్తాం నొక్కింది. తాడు గుడ్డలోంచి జారిపోయింది, నున్నగా. లిఫ్టును పైకి రప్పించి రెండోది పట్టుకున్నాడు. అదీ నున్నగానే జారింది. బయట మరిది బూట్ల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది. మూడో తాడు. ఏడు, ఆరు, అయిదు అంతస్తులు...

"ఇప్పుడు," అంది టైలరమ్మ. టిక్ వినబడింది.

పర్రుమని స్కార్ఫు చిరిగింది.

"ఆపు!"

ఫోను వెలుగులో చూశారు. తాడు పేటల్లోంచి తీగలు ముళ్లలా లేచి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది. నీలం పట్టుపోగులు వాటికి జండాల్లా వేలాడుతున్నాయి.

మేస్త్రి గోడకానుకున్నాడు. "పడిపోదులే. తక్కిన నాలుగూ మోస్తాయి. కానీ ఇంకో పదిసార్లు ఎక్కి దిగితే ఈ పేట ఊడి చక్రం గాడిలో ఇరుక్కునేది. నడుమ ఎక్కడో బిగుసుకుపోయేది పెట్టె, జనంతో సహా." పెద్ద మీట కిందికి లాగాడు. చక్రం మీది దీపం ఆరిపోయింది.

మరిది గుమ్మంలో నిలబడి ఆ తీగలు చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. "వదినగారూ..." అని, తోడల్లుడి వైపు తిరిగాడు. "మరి నెల కిందట నువ్వు..."

టైలరమ్మ అందుకోబోయింది. తీగలు ఈ నెలలోనే తెగి ఉంటాయని, ఎవరికీ తెలిసే వీలు లేదని, అబద్ధం నాలుక చివరే ఉంది.

"నా తప్పు," అన్నాడు మేస్త్రి ఆవిడ కంటే ముందు. "నాకు సన్న చప్పుళ్లు వినబడ్డం లేదు. అయినా గుడ్డ పెట్టి చూడకుండా చెవినే నమ్మి సంతకం పెట్టాను. రేపు అదే కాగితం మీద రాసిస్తా. నేను చూసిన తక్కిన లిఫ్టులన్నీ ఇంకో మెకానిక్కును వెంటబెట్టుకుని మళ్లీ చూస్తా. నువ్వు వేరే వాళ్లకి పనిచ్చుకున్నా ఏమీ అనుకోను."

మరిది మెడకున్న టై వదులు చేసుకున్నాడు.

"అదంతా రేపు మాట్లాడదాం అన్నయ్యా. వంటిల్లు కింద, కుర్చీలు పైన, యజమాని అత్తగారు దారిలో. ఇప్పుడు నేనేం చెయ్యాలి, అది చెప్పండి."

"కింద రాతి చావడి ఖాళీగా ఉందిగా?" అంది టైలరమ్మ. "వంటిల్లు పక్కనే. బల్లలు దింపితే సరి. మెట్లు దిగడం ఎవరికైనా వచ్చు."

చిన్నా పెద్దా అన్న తేడా లేకుండా అందరూ తలో చెయ్యీ వేశారు. వడ్డించేవాళ్లు, వంటవాళ్లు, మరిది, చివరికి చొక్కా చేతులు మడిచి చెవి మేస్త్రి కూడా. ఏడూ పాతికకు దీపాలు చావడి స్తంభాలకు ఎక్కాయి. టైలరమ్మ బ్యాగులోంచి గుడ్డల మీద గీసే సుద్ద తీసి, కింది లిఫ్టు తలుపు మీద పెద్ద అక్షరాలతో 'ఆపేశాం' అని రాసింది. మేస్త్రి ఆ సుద్ద అందుకుని, కింద తన సంతకం పెట్టాడు.

యజమాని అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, చావడి నలువైపులా చూసి, "హమ్మయ్య, పైకెక్కనక్కర్లేదా?" అంది. మరిది అప్పుడు ఊపిరి వదిలాడు.

అందరి వడ్డనా అయ్యాక, స్తంభం పక్క చిన్న బల్ల వీళ్లకు దక్కింది. మేస్త్రి కూర్చోబోయి ఆగి, అటు తిరిగి కూర్చున్నాడు.

"ఈ చెవి కాస్త నయం. ఇటు కూర్చో."

ఆవిడ ఇటే కూర్చుంది. మిగిలిన నారింజ చాక్లెట్లు పొట్లం విప్పి మధ్యలో పెట్టింది. ఆయన మాత్రం జేబులోంచి చిరిగిన స్కార్ఫు తీసి, గ్రీజు మరకలకేసి చూస్తున్నాడు.

"పాడు చేశాను."

"పోనివ్వండి. గుడ్డ ఇంకా మూర మిగిలింది. ఎల్లుండి చెవుల డాక్టరు దగ్గరికి కట్టుకొచ్చేది అదే."

"ఎల్లుండా? ఎల్లుండి నాకు..."

"ఎల్లుండే. సాయంత్రం వెళ్దాం. ఆయన క్లినిక్కు ఎదురుగా కేకుల కొట్టుంది, చూసుకునే చెబుతున్నా."

మేస్త్రి చాక్లెట్టు నోట్లో వేసుకున్నాడు. చేదు, పులుపు, ఆఖర్ని తీపి.

"సంచీ తెచ్చుకోనా?"

"తెచ్చుకోండి," అంది టైలరమ్మ. "ఈసారి నేను మోస్తా."