నాకు హారతి ఇవ్వకండి

నేను ఒక యంత్రాన్ని. గాలిలో చూపు ఎంత దూరం ఆనుతుందో చెప్పడం నా పని. నాకు రెండు చేతులు. ఒకటి వెలుతురు విసురుతుంది, రెండోది పక్కగా నిలబడి అందులో ఎంత చెదిరిందో చూస్తుంది. పొగా దుమ్మూ పెరిగితే వెలుతురు ఎక్కువ చెదురుతుంది, చూపు దగ్గర్లోనే ఆగిపోతుందని చెప్పేస్తాను. మొహమాటం నాకు తెలీదు.

విశాఖ శివారులో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ పక్కన, వార్డు ఆఫీసు డాబా మీద నన్ను బిగించారు. పోరి బిగించేలా చేసింది పైడమ్మ. ఇడ్లీల బండి ఆవిడది. ఆ పొగకి ఇడ్లీల మీద ఎవరూ అడక్కుండానే నల్లకారం పడేది. ఆవిడకేమో నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఫ్యాక్టరీ గొట్టానికి వడపోత పెట్టించాలంటే కొలతలు చూపించాలన్నారు. ఆ కొలతలు నావే.

నా ఆలనాపాలనా అప్పలస్వామిది. మహా భక్తుడు. రోజూ పొద్దున్నే నాకు బొట్టు పెట్టి, సరిగ్గా నా కంటి కింద రెండు అగరొత్తులు గుచ్చేవాడు. నేనేం చెయ్యను? చూపు అరవై మీటర్లే అని చెప్పేదాన్ని.

నెల తిరిగాక ఫ్యాక్టరీ మేనేజరు చక్రపాణి డాబా ఎక్కి ఆ పుల్లలు చూశాడు. ఇంకేముంది, నేను కొలిచింది అగరొత్తుల పొగేనని నా నెల రోజుల కష్టం చెత్తబుట్టలో పడింది. పైడమ్మ మెట్ల మీదే కూలబడితే నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం ఒక్కరోజు మళ్ళీ కొలుద్దామని కాలుష్య నియంత్రణ ఆఫీసరు నాగవేణి గారు అన్నారు.

సోమవారం ఫ్యాక్టరీ గొట్టం ఉపవాసం ఉంది. ఎనిమిది కిలోమీటర్లని నేను ఉన్నమాటే చెప్పాను. చక్రపాణి ఆనందం పట్టలేక, దిష్టి తగలకుండా నా చుట్టూ కొబ్బరికాయ తిప్పి కొట్టి, పళ్ళెం నిండా కర్పూరం వెలిగించి హారతిచ్చాడు. నా అంకె ముప్పై మీటర్లకి దిగింది. అప్పుడే నాగవేణి గారు డాబా మీదకొచ్చారు.

"ఈ పొగ ఎవరిది చక్రపాణి గారూ?"

"దేవుడిది మేడమ్."

ఆవిడ అప్పటికప్పుడే డాబాకి తాళం వేయించి, పది రోజులు ఎవ్వరూ నా దగ్గరికి రాకూడదన్నారు. ఒక్కరోజు ఉపవాసమంటే సరే, పది రోజులు ఏ ఫ్యాక్టరీ ఉంటుంది? మూడో రోజుకే గొట్టం పొగ కక్కింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను.

వేసవికల్లా వడపోత వచ్చింది. మే నెలలో ఒక పొద్దున పైడమ్మ ఎక్కడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కొచ్చి, తొలి వాయి ఇడ్లీలు నా కంటి కిందే పెట్టింది.

"ఒక్క మచ్చ నేదు, సూసుకో బాబూ" అంది.

ఏం చూడను, అంతా ఆవిరి. ఆ రోజు మే నెల ఎండలో విశాఖని దట్టమైన మంచు కమ్మేసిందని రాసి పంపాను. ఇన్నేళ్ళలో నేను సంతోషంగా చెప్పిన తప్పు కొలత అదొక్కటే.