వీడియోలో రెండో సగం

బిడ్డ తన చేతుల్లోంచి జారి పడిపోతుందేమోనన్నదే ఆమె భయమంతా. నిద్రలో కూడా చేతులు బిగించుకుని ఉలిక్కిపడి లేచేది.

కాన్పయినప్పటి నుంచీ ఆమె ఎడమకాలు మాట వినడం మానేసింది. బుడ్డదాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతూ ఒకసారి తూలింది. చేతికి రెయిలింగు దొరికింది కాబట్టి సరిపోయింది. బుడ్డదానికేం కాలేదు గానీ, సంగతి వదిన చెవిన పడింది.

వదినంటే ఆమె భర్త అక్క. ఫిజియోథెరపీ క్లినిక్‌లో టోకెన్లు రాస్తుంది. డాక్టరుగారి పక్కగదిలో తొమ్మిదేళ్లు కూర్చున్నందుకు సగం డాక్టరీ తనకే వచ్చేసిందని ఆవిడ నమ్మకం.

"మా క్లినిక్‌లో ముప్పై లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబెడతాం. నీకు నలభై రోజులు టైమిస్తున్నా. నిలబడ్డావా, పిల్ల నీ దగ్గరే ఉంటుంది. పడ్డావా, మా ఇంట్లో పెరుగుతుంది," అంది వదిన.

"ఏమండీ, మీరైనా చెప్పండి."

ఆయన టీవీ సౌండు పెంచాడు. "అక్క ఏం చెప్పినా మన మంచికేలే."

మర్నాటి నుంచీ ఫోన్లో వీడియో పెట్టి, దాన్ని గోడకి ఆనించి యోగా మొదలుపెట్టింది. చాప లేక పాత దుప్పటి పరిచింది. చేతులు నేలకానించి నడుము పైకెత్తడం, అక్కణ్ణించి కాలు ముందుకేసి లేవడం, లేచి ఒంటికాలి మీద ఆగడం, ఎక్కడా తెగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి. వీడియో అరగంట. మొదట కుడికాలి మీద వరస మొత్తం, ఆ తర్వాత ఎడమకాలి మీద.

బుడ్డది పడుకునేది పావుగంట. సరిగ్గా టీచరు "ఇప్పుడు ఎడమవైపు" అనేసరికి కేర్‌మనేది. మర్నాడు మళ్లీ మొదటికి. ఆపిన చోటునుంచి మొదలుపెట్టవచ్చని ఆమెకి తోచలేదు. బళ్లో ఉన్నప్పుడు కూడా అంతే, పాఠం మధ్యలోంచి చదివితే ఒంటబట్టదని మొదటి పేజీకే వెళ్లేది. ఆ బడి కూడా సగంలోనే ఆగిపోయింది.

నెల తిరిగేసరికి కుడికాలు స్తంభంలా తయారైంది. నడుము వంగుతోంది, భుజాలు గట్టిపడ్డాయి. ఆమెకి ధైర్యమొచ్చేసింది.

నలభయ్యో రోజు వదిన వచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆమె కుడికాలి మీద నిలబడింది. ముప్పై దాటింది, నలభై దాటింది. మొహం వెలిగిపోయింది.

"భలే కొంగవే! ఇప్పుడు రెండో కాలు," అంది వదిన.

ఎడమకాలి మీదికి బరువు మార్చింది. నాలుగు కూడా లెక్కపెట్టకముందే టీపాయి మీదికి కూలింది. పెదవి చిట్లింది.

"రెండో సగం చెయ్యనేలేదు వదినా! అప్పటికే బుడ్డది లేచిపోయేది!"

"విన్నావా తమ్ముడూ? తప్పు కూడా పసిదాని మీదకే తోస్తోంది."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే పాలసీసాలు సంచిలో సర్దాడు. బుడ్డది అమ్మ రవిక పట్టుకుని వదల్లేదు. వదిన ఆ వేళ్లని ఒక్కొక్కటిగా ఊడదీసింది.

"ఇకనుంచి నిన్ను లేపేవాళ్లెవరూ ఉండరు. తీరిగ్గా చేసుకో," అంటూ గుమ్మం దాటింది.

పిల్ల అలవాటు పడాలని ఆయన కూడా అక్కడే మకాం పెట్టాడు. చూడ్డానికొస్తానని ఫోన్ చేస్తే, "మా ఇంటికి మెట్లున్నాయమ్మా, పడతావు," అంది వదిన.

పన్నెండు రోజులైంది. ఆమె పాలు పిండి సింకులో పారబోస్తోంది. పగలంతా ఎడమకాలి మీద నిలబడుతుంది, పడుతుంది, లేస్తుంది. కింది వాటా వాళ్లకి నిన్నటిదాకా పడ్డ చప్పుడూ లేచిన చప్పుడూ రెండూ వినిపించేవి. ఇవాళ పొద్దున పడ్డ చప్పుడొక్కటే వినిపించింది.

ఇస్త్రీ కొట్టు పైన, మూడో అంతస్తులో, మెట్లకి ఎదురుగా ఉన్న తలుపు. మీరు అటు వెళ్తే ఒక్కసారి తట్టి చూడండి. తియ్యడానికి ఆలస్యమవుతుంది. తొందరపడి తిరిగొచ్చేయకండి.