కమ్మల వెనక ముడతలు

మళ్ళీ ముడతలే, ఫొటోలో కమ్మలు ఎంత ముద్దుగా వచ్చినా వెనక తెర గుడ్డ మీది ముడతలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, వెనకది మసకబారాలని తను లెన్సు పూర్తిగా తెరిచింది, ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళింది, ఇంకేం చెయ్యాలి, ఆ చిన్నది తీస్తే మాత్రం వెనకదంతా వెన్నలా కరిగిపోతుంది, చిన్నదంటే మరిది పెళ్ళాం, నిన్నగాక మొన్న ఈ ఇంటికొచ్చింది, కెమెరా ఎటు పట్టుకోవాలో తెలియకపోతే తనే చెయ్యి పట్టుకుని నేర్పింది, ఇప్పుడు స్టూడియోకి ఎవరొచ్చినా ఆవిడ లేదా అని అడుగుతారు, ఆవిడట, పూసల కమ్మలు చేసే ఆమైతే మొహం మీదే చెప్పింది, సాయంత్రంలోగా ఇద్దరూ చెరో ఫొటో పంపండి, నచ్చినవాళ్ళకే ఏడాదంతా పని ఇస్తానని, ఇద్దరూ అనడం మర్యాదకి, మనసులో ఎవరున్నారో తెలియదా, చిన్నదాని ఫొటో పొద్దున్నే వెళ్ళిపోయింది, మొగుడేమో తాపీగా టీ తాగుతూ, పంతానికి పోకుండా దాన్నే అడగరాదా అన్నాడు, పుండు మీద కారం చల్లినట్టు, అడగడమా, దాన్నా, కెమెరా మూలన పడేసి ఇంట్లో కూర్చోనైనా కూర్చుంటుంది గానీ.

ఏళ్ళ తరబడి పాస్‌పోర్టు ఫొటోలు తీసిన చెయ్యి ఇది, వీపు తెరకి ఆనించండి, గడ్డం పైకి, కదలకండి, చెవులు రెండూ కనిపించాలి, కాస్త మసకగా ఉన్నా ఆఫీసులో తిప్పి పంపిస్తారు, అందుకే ఇన్నాళ్ళూ అన్నీ స్పష్టంగా ఉండాలనే చూసింది, మసక వచ్చిందంటే పని చేతకానట్టే, ఇప్పుడు ఆ మసకే గొప్పట, అత్తగారు కూడా మురిసిపోయింది, మా చిన్నకోడలి చేతిలో ఏముందో గానీ అని, ఏముంటుంది, తను నేర్పిందే ఉంటుంది, ఆ మాట ఒక్కళ్ళ నోటా రాదు, కిటికీలో వెలుతురు పలచబడుతోంది, ఏడుపొస్తోంది, అసూయే, ఎవరి దగ్గర బుకాయించినా తన దగ్గర తను బుకాయించలేదు, అది పాడైపోవాలని కాదు, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క ఫొటో దానికి చెడిపోతే చూడాలని ఉంది.

తలుపు చప్పుడు, ఇంకెవరు, అదే, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కమ్మలున్న బల్ల వంక చూసింది, నవ్వబోయి ఆపుకుందేమో, అక్కా, మళ్ళీ పాస్‌పోర్టు ఫొటోలాగే తెరకి ఆనించేశావు, దూరముంటేనే తెర మసకవుతుంది, కొంచెం ముందుకి లాగుతానుండు అంటూ అడక్కుండానే బల్లని గది మధ్యకి లాగేసింది, తీగకి వేలాడే కమ్మలు ఊగకుండా బల్ల అంచు పట్టుకుని వాటి వెనకే నిలబడింది, ఇంతేనా, ఇంత చిన్న సంగతా అని సిగ్గుతో తన చెవులు వేడెక్కాయి, కెమెరాలోంచి చూస్తే ముడతలన్నీ మాయం, నీలం చీరలో చిన్నది కూడా ఒక మరక, నిన్నూ మసక చేసేశానులే అని ఒక్క క్షణం సంబరం, కానీ ఆ మరకలో మొహం ఎలా ఉందో, నవ్వుతోందా, ఎగతాళిగా చూస్తోందా, చూడాలి, వేళ్ళు వాటంతటవే లెన్సు తిప్పాయి, కమ్మలు కరిగిపోయి మొహం తేలింది, నవ్వు లేదు, ఎగతాళి లేదు, ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుంటూ, పరీక్ష తనదే అయినట్టు కమ్మల వంకే చూస్తోంది, తెలియకుండానే వేలు నొక్కేసింది, ఎంత బాగా వచ్చింది, ఇంత అందంగా ఎప్పుడూ ఏదీ తీయలేదు, పంపడానికి మాత్రం పనికిరాదు, కమ్మలు రెండూ ఉత్త రంగు చుక్కలు, అయిందా అక్కా, బాగా వచ్చాయా అని అడుగుతోంది, ఈ ఒక్క పూటే కాదు, ఇది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ కమ్మలు ముందు పెట్టినా, పూలు పెట్టినా, తన చూపు నిలిచింది దీని మీదే, మిగిలినవన్నీ తనే మసక చేసుకుంది.