విశ్వసనీయ వర్గాలు

చేపలు రుద్దుతున్న కృపాజ్యోతి కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. తెర మీద సరిహద్దు మ్యాపులో ఎర్ర బాణం ఒకటి పోయి పోయి ఒక వంతెన దగ్గర ఆగుతోంది. మొన్నటిదాకా నర్సీపట్నం మొత్తమ్మీద ఆ వంతెన పేరు తెలిసింది ఆమెకొక్కదానికే.

తమ్ముడు జీవానందం సైన్యంలో ఉన్నాడు. "మమ్మల్ని ఆ వంతెన దగ్గిరికి మారుస్తన్నారక్కా. ఎవులికీ సెప్పకు" అన్నాడు ఫోనులో. ఆమె ఎవరికీ చెప్పలేదు, దేవుడికి తప్ప. చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడుగుతుంటే అత్తగారు ఎస్తేరమ్మ మోచేత్తో పొడిచింది. "పేరూ ఊరూ సెప్పి అడిగితేనే పెబువు సూటిగా ఇంటాడే" అంది. కృపాజ్యోతి లేచి నిలబడి అంతా చెప్పేసింది. ఆడవాళ్ళందరూ ఆ వంతెన పేరు పలుకుతూ కన్నీళ్ళతో ప్రార్థించారు. ఆ సాయంత్రం అన్నం తింటూ ఎస్తేరమ్మ అదే మాట కొడుకు సత్యప్రకాష్ చెవిన వేసింది. అతను ఒక చానెల్‌కి నర్సీపట్నం విలేకరి. ఎంగిలి చేత్తోనే ఫోను తీశాడు.

"వద్దండీ, మీకు దండం పెడతాను" అంటూ కృపాజ్యోతి అతని చెయ్యి పట్టుకుంది.

"వంటింట్లో ఉన్నదానివి, వార్తంటే ఏటో నీకేటి తెలుసే?"

పెళ్ళయిన నాటి నుంచీ అదే మాట. నాతవరం, కోటవురట్ల తిరిగి అతను ఫోనులో గొణిగే ముక్కల్ని కూర్చి వార్తగా టైపు చేసేది ఆమె. పేరు మాత్రం అతనిది. పోనీలే, ఇల్లన్నాక సర్దుకుపోవాలనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు మాత్రం సర్దుకోలేకపోతోంది. వార్తంటే ఏమీ తెలియని తనే, చానెల్ వాళ్ళ నోట 'విశ్వసనీయ వర్గాలు' అయిపోయింది మరి!

తెల్లారేసరికి ఆ వంతెన దగ్గర గుండ్లు పడ్డాయన్నారు. సైన్యం కదలికలు చూపించొద్దని ప్రభుత్వం చెప్పినా చానెల్‌లో బాణం ఆగలేదు. జీవానందం ఫోను కలవడం లేదు. ఆ వార్త వల్లే పడ్డాయో, ఎలాగూ పడేవో, ఆమెకు ఎవరు చెబుతారు? బియ్యం కడుగుతుంటే వంతెన, కళ్ళు మూస్తే వంతెన. చిన్నప్పుడు కాలవ దాటడానికి వాడు ఆమె వేలు పట్టుకునేవాడు. ఆ వేలితోనే వాణ్ణి తోసేసినట్టుంది.

"ఆడు ఫోన్ సేస్తే స్పీకరు పెట్టు. ఇప్పుడెక్కడున్నాడో అడుగు, సాలు. ఆఫీసోళ్ళు సంపేస్తన్నారు" అన్నాడు సత్యప్రకాష్, తన ఫోన్లో రికార్డింగు సిద్ధం చేసుకుని పక్కనే కూర్చుంటూ.

"ఆడు బతికున్నాడో లేదో తెలీదు. మీకిదా కావాలి?"

"బతికుంటే అదీ వార్తేనే."

అప్పుడే ఫోను మోగింది. తెలియని నంబరు. ఆమె చెవికి గట్టిగా అదిమి పట్టుకుంది.

"అక్కా..."

వాడే. పోయిన ప్రాణం లేచొచ్చింది. తిన్నావా నాన్నా, దెబ్బలేమైనా తగిలాయా... అన్నీ గొంతుదాకా వచ్చాయి. సత్యప్రకాష్ వేలు స్పీకరు మీదికి వస్తోంది.

"బాగానే ఉన్నానక్కా. ఇప్పుడు మమ్మల్ని..."

"రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది కృపాజ్యోతి.