ఫ్లెక్సీ ఫొటోల నల్లకోటు

నేను ఒక నల్లకోటును. పిడుగురాళ్ళ బస్టాండు వెనక సందులో, మస్తాన్ ఫొటో స్టూడియోలో, అద్దం పక్కన మేకుకు వేలాడుతూ జీవితమంతా గడిపినదాన్ని. ఈ చుట్టుపక్కల నన్ను తొడుక్కోకుండా పెద్దవాడైన మగపిల్లవాడు లేడు. ఈమధ్య ఆడపిల్లలూ లేరు. హాల్ టిక్కెట్టు ఫొటోకి నేనే, పెళ్ళిచూపులకు పంపే ఫొటోకీ నేనే. మీ బీరువాలో పాత కవరేదైనా ఉంటే తీసి చూడండి. ఎడమవైపు కాలరు కాస్త పైకి లేచి ఉంటే అది నేనేనమ్మా.

నాకు అక్షరం ముక్క రాదు. తెలిసిందల్లా నా లోపల కొట్టుకున్న గుండెలు. వాటిలో ఒక్కదాన్నీ మర్చిపోలేదు. ఇంత కోపం అందుకే. ముసలిదాని చాదస్తం అనుకుంటే అనుకోండి, చెప్పేది చెప్పాకే ఊరుకుంటాను.

గుంటూరులో ఒక సాయిబు దర్జీ నన్ను కుట్టాడు. పానకాలరావు అనే కుర్రాడి పెళ్ళికి. సాగర్ కుడికాలవ మీద జూనియర్ ఇంజనీరు ఆయన. ఆ రోజుల్లో ఇంజనీరు అంటే చాలు, ఏ ఇంజనీరు అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కాలవలు తవ్వించేవాడు, వంతెనలు కట్టించేవాడు, అంతే. ఆయన కట్ట మీద నడిచొస్తుంటే రైతులు చుట్ట కింద పడేసి లేచి నిలబడేవాళ్ళు. ఆ పెళ్ళికి ఫొటోలు తీసింది మీసం కూడా సరిగా రాని మస్తానే. అత్తగారి వంటలు తిని తిని రెండేళ్ళు తిరక్కముందే పానకాలరావుగారి పొట్టకీ నా బొత్తాలకీ పొసగలేదు. "స్టూడియో పెట్టావంటగా, ఉంచుకోరా" అని నన్ను మస్తాన్ భుజాన పడేశాడు.

మస్తాన్ మంచివాడే కానీ, మొదటిరోజే కత్తెర తీసుకుని నా వీపు మెడ నుంచి నడుం దాకా చీల్చేశాడు. రెండంచులకూ నాడాలు కుట్టాడు. బక్కవాడొస్తే బిగించి కట్టడానికి, లావువాడొస్తే వదులుగా కట్టడానికి. ఇక ముందు నుంచి చూస్తే కలెక్టరు, వెనక నుంచి చూస్తే చంటిపిల్ల చొంగగుడ్డ. కింద లుంగీ కట్టుకుని, పైన నన్ను వేసుకుని, కెమెరాలోకి గంభీరంగా చూసిన మొహాలు ఎన్నని చెప్పను! మనుషులు ఎదుటివాణ్ణి ముందు సగమే చూస్తారని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడే వేలాడుతూ ఇంజనీర్ల రాతలు మారడం చూశాను. సివిల్ చదివిన పిల్లాడికి పిల్లనివ్వడానికి క్యూ కట్టినవాళ్ళే, సర్కారు ఉద్యోగాలు ఇవ్వడం మానేయగానే "మేస్త్రీ పనికి అంత చదువెందుకు" అన్నారు. మెకానికల్ అంటే లారీల రిపేరా అని తల్లులు అడిగేవాళ్ళు. సిమెంటు ఫ్యాక్టరీలో క్వార్టర్సు ఇస్తారని తెలిశాక అడగడం మానేశారు. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ అన్నారు. ఆ తర్వాత ఊరు ఊరంతా కంప్యూటరైపోయింది. ఒక ఏడాది ఆ కంప్యూటర్ పిల్లలే హైదరాబాదు నుంచి పెట్టెలతో తిరిగొచ్చి, బ్యాంకు పరీక్షలకని మళ్ళీ నన్నే తొడుక్కున్నారు. తల్లులు స్టూడియో బెంచీ మీద కూర్చుని ముక్కు చీదుకున్నారు. ఆ మరుసటేడు అదే బెంచీ మీద ఇంకో తల్లి కూర్చుని, "ఏదైతే ఏందన్నా, కంప్యూటరైతే చాలు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లకి ఏమిష్టమో ఒక్కరూ అడగరు. ఈ ఏడు ఏ చదువుకు ఎంతిస్తున్నారో అడుగుతారు, అదీ పక్కింటివాణ్ణి!

ఇక ఫ్లెక్సీల కాలం వచ్చింది. ఊరవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పేరెందుకులెండి. సీట్ల కౌన్సెలింగు ముందు ప్రతి వేసవిలో చదువైపోయిన పిల్లల్ని వ్యానులో ఎక్కించుకొచ్చి స్టూడియో ముందు దించేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు నన్ను తొడుక్కుని నవ్వాలి. ఆ నవ్వు కింద పెద్ద కంపెనీ పేరూ, దాని పక్కన లక్షల అంకె. ఆ ఫ్లెక్సీ హైవే మీద కడతారు. ఉద్యోగం నిజంగా వచ్చినవాడు పదిమందిలో ఒకడు. మిగతావాళ్ళ గుండెలు నా లోపల ఎలా కొట్టుకునేవో నాకు తెలుసు. ఎలక్ట్రికల్ చదివిన ఒక పిల్లాడు సెల్ ఫోన్ల షాపులో గ్లాసులు అతికిస్తున్నాడు. వాడి ఫొటో కింద ఆరు లక్షలు రాశారు. వాడికి సిగ్గుతో చెమట పడితే, ఆ చెమట నా చంకలో ఇప్పటికీ తెల్లటి మరక.

ఆ పిల్లల్ని తీసుకొచ్చేది అంకమ్మరావు సార్. ఆయనా పాపం మెకానికల్ లెక్చరరే. మెకానికల్ లో చేరేవాళ్ళు లేక సెక్షన్ ఎత్తేశారు. ఎత్తేసి, "ఊళ్ళు తిరిగి సీట్లు నింపు, అప్పుడే జీతం" అన్నారు. యంత్రాల గురించి చెప్పవలసినవాడు ఇంటింటికీ వెళ్ళి కాఫీలు తాగుతూ, పిల్లల తల్లిదండ్రులకు అబద్ధాలు చెబుతున్నాడు.

మొన్న వేసవిలో ఆయన వెంట కెజియా వచ్చింది. సున్నపు బట్టీలో పనిచేసే దావీదు కూతురు. సివిల్ లో క్లాసు ఫస్టు. వాగు మీద కొత్త వంతెన కడుతున్న కంపెనీలో సైటు ఇంజనీరుగా కుదిరింది. నెలకు పదమూడు వేలు. తాపీమేస్త్రీకి అంతకన్నా ఎక్కువే వస్తుంది. అయినా ఆ పిల్ల మొహం చూడాలి మీరు! చదివిన పనే దొరికిందని వెలిగిపోతోంది. సోమవారం చేరాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. అవి అంకమ్మరావు సార్ సంచిలో ఉన్నాయి.

"ఒక్క ఫొటో దిగమ్మా, నీ కాగితాలు నువ్వు తీసుకుపో" అన్నాడాయన. "పైనుంచి అట్టా చెప్పి పంపారు."

మస్తాన్ నన్ను ఆ పిల్లకు తొడిగి నాడాలు కట్టాడు. కూర్చోబోతూ అడిగింది, "నా కింద ఏం రాస్తారు సార్?"

"ఏందో ఒకటి రాస్తాంలే. సాఫ్ట్‌వేరు, ఏడు లక్షలు."

"నాకొచ్చింది వంతెన పని కదా సార్. సివిల్ అని రాయండి. నా జీతం నాది వేయండి."

"ఆ జీతం వేస్తే పిల్లకాయలు కాదుగదా, మన గేటు దగ్గర మేకలు కూడా ఆగవు తల్లీ!"

మస్తాన్ కెమెరా వెనక నుంచి కిసుక్కున నవ్వాడు. కెజియా నవ్వలేదు. "సార్, మా పేటలో సివిల్ తీసుకుంటానంటే అందరూ మా నాయన్ని తిట్టారు. ఆడపిల్లను ఎండలో నిలబెడతావా అన్నారు. నేను ఇది చదివి దీన్లోనే పనికి పోతున్నా. నాకున్నదల్లా అదొక్కటే. అది కూడా మీ ఫ్లెక్సీకి కావాలా? రేపు మా పేట పిల్లలు అది చూసి, కెజియానే కంప్యూటర్లోకి మారిందంట అని వాళ్ళూ మారతారు."

"మారితే మారనీయమ్మా, నాకు సీటు నిండుద్ది! ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు నాకు."

అప్పుడా పిల్ల స్టూలు మీద నుంచి లేచి కెమెరాకు వీపు తిప్పి నిలబడింది. చీలిన నా వీపు, వేలాడే నాడాలు, మధ్యలో ఆ పిల్ల పసుపు రంగు చుడీదారు. "తీయి బాబాయ్" అంది మస్తాన్ తో. "సార్ ఫ్లెక్సీలో ఇది వేసుకుంటారు."

మస్తాన్ నిజంగానే తీశాడు. ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నానో, నా వీపుకు ఫొటో తీసిన మొదటిసారి అదే. నాకు సిగ్గేసిందో, గర్వమేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. అంకమ్మరావు సంచి చంకన పెట్టుకుని, సర్టిఫికెట్లతో సహా వ్యానెక్కి వెళ్ళిపోయాడు. కెజియా నన్ను విప్పి బెంచీ మీద పెట్టి, కూర్చుని ఏడ్చింది. మస్తాన్ టీ తెప్పించాడు. తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

కాలేజీవాళ్ళు ఊరుకున్నారా? ఆ పిల్ల ఐడీ కార్డు మీది మొహం తీసుకుని, కంప్యూటర్లోనే ఒక కోటు తొడిగించి ఫ్లెక్సీ కొట్టించారు. మడత లేదు, మరక లేదు, వీపు అసలే లేదు. ఆ తర్వాత కాలేజీ వ్యాను మా సందులోకి రాలేదు. మిగతావాళ్ళూ ఫోన్లోనే కోట్లు తొడుక్కోవడం నేర్చారు. నా ఉద్యోగం ఊడింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లల బాధ చూశాను కానీ, మేకుకు ఊరికే వేలాడటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

సైటు గుర్తింపు కార్డుకు ఫొటో కోసం కెజియా మళ్ళీ వచ్చింది. సర్టిఫికెట్లు లేవని కంపెనీవాళ్ళు ఆ పిల్లను ట్రైనీ అని చేర్చుకుని సగం జీతమే ఇస్తున్నారట. "తెచ్చిందాకా అంతేనన్నారు బాబాయ్. కాలేజీకి పోతే గేటు కూడా తీయట్లా" అంది. మస్తాన్ నన్ను మేకు మీద నుంచి తీసి, దులిపి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "వాగు గాలికి పొద్దున్నే చలేస్తది. చినిగిందైనా వెచ్చగా ఉంటది, తీసుకుపో."

అలా నేను వంతెన చూశాను. వాగు గట్టు మీదే, హైవే పక్కన, ఆ ఫ్లెక్సీ! కెజియా మొహం, లేని కోటు, లేని కంపెనీ, ఏడు లక్షలు. కంకర మోసే రోశమ్మ దాని కింద నిలబడి, "ఏందే ఇంజనీరమ్మా, ఇన్ని లక్షలు పెట్టుకుని మాతోపాటు పచ్చడి మెతుకులు తింటన్నావా? దాచి దాచి ఏం చేసుకుంటావే?" అని అరిచింది. కూలీలందరూ పగలబడి నవ్వారు. కెజియా మొహం మాడిపోయింది.

షెడ్డులో, స్తంభాలకు గీతలు గీసే ఎర్రరంగు డబ్బా ఉంది. ఆ పిల్ల దాన్ని తీసుకుని నిచ్చెన వేయించింది. "సర్టిఫికెట్లు ఇంకా ఆళ్ళ దగ్గరే ఉండాయి, ఆలోచించుకోవే" అని కింద నుంచి రోశమ్మ. "నేను ఎవరో ఆళ్ళు రాస్తే నాకు సర్టిఫికెట్లెందుకు?" అని పై నుంచి ఈ పిల్ల. కంపెనీ పేరు మీదా లక్షల మీదా రంగు పూసి, పెద్ద అక్షరాలతో రాసింది. నాకు చదవడం రాదు కదా, రోశమ్మ కూతురు కూడబలుక్కుని చదివితే విన్నాను. 'కెజియా. సివిల్. ఈ వంతెన దగ్గర పని. నెలకు పదమూడు వేలు అన్నారు, సగం ఇస్తున్నారు. సర్టిఫికెట్లు కాలేజీలో.'

బస్సులు ఆగాయి. ఫోన్లు పైకి లేచాయి. సాయంత్రానికి కాలేజీవాళ్ళొచ్చి ఫ్లెక్సీ పీక్కుపోయారు. కానీ అప్పటికే ఆ ఫొటో ఊళ్ళన్నీ తిరిగింది.

వారం తిరిగేసరికి అంకమ్మరావు సార్ సైటుకు వచ్చాడు. ఎండలో నడిచొచ్చి, బూట్ల నిండా దుమ్ముతో. స్తంభానికి తడి గోనెలు చుట్టిస్తున్న కెజియాను చూడగానే కేకలు మొదలుపెట్టాడు.

"నా ఉద్యోగం తీయించావు కదమ్మా! ఒక ఆడపిల్లను ఒప్పించలేనివాడివి నువ్వెందుకురా అని గేటు బయటికి తోశారు. నీకు సంతోషమేనా?"

"నేను తీయించలా సార్. నా మీద అబద్ధం రాసినోళ్ళు తీశారు."

"అబద్ధం రాయకపోతే నీకు పాఠం చెప్పినోడికి జీతమొచ్చేదా? చెప్పు! ఎవడిచ్చేవాడు?"

కెజియా తన క్యారియరు మూత తీసి ఆయన ముందు పెట్టింది. వద్దు వద్దంటూనే తిన్నాడు. తింటూ తింటూ, కాంక్రీటు కలిపే యంత్రం శబ్దం విని తల తిప్పాడు.

"ఆ మిల్లరు బేరింగు పోయినట్టుందే. మీ కంపెనీలో మెకానికల్ వాళ్ళను తీసుకుంటారా?"

"అడుగుదాం సార్. మీ సర్టిఫికెట్లు తెచ్చారా?"

ఆయన చెయ్యి క్యారియరులోనే ఆగిపోయింది. "చేరిన రోజు ఒరిజినల్స్ పెట్టించుకున్నారమ్మా" అన్నాడు. "అవీ ఆళ్ళ బీరువాలోనే ఉండాయి. అడిగితే, సీట్లన్నీ నిండాక రమ్మన్నారు."

ఆ మాట విన్నప్పుడు నా దారాలన్నీ తెగిపోతాయేమో అనుకున్నాను. ఎన్నేళ్ళు, ఎంతమంది గుండెలు విన్నాను! పిల్లల్నే బిగించి కట్టారనుకున్నాను. పాఠం చెప్పినవాణ్ణీ కట్టారు! అందరి చదువులూ ఒకే బీరువాలో పెట్టి, తాళం వేసుకుని, దాని మీద కూర్చున్నవాడికి ఏ బ్రాంచీ లేదు. వాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా నేను చూడలేదు.

కెజియా చెయ్యి కడుక్కుంది. "రేపు ఆదివారం. ఎల్లుండి ఇద్దరం కలిసి పోదాం సార్" అంది. "నేనొక్కదాన్నే పోతే గేటు తీయట్లా. మీ దగ్గర చదువుకున్న పాత మెకానికల్ వాళ్ళ నంబర్లు ఉండాయా?"

"అందరివీ ఉండాయి" అన్నాడాయన. "సీట్ల కోసం ఫోన్లు చేసేది నేనేగా!" జేబులోంచి ఫోన్ తీశాడు. మొదటివాడు ఎత్తలేదు. రెండోవాడు ఎత్తాడు.

స్తంభానికి గోనె ఒకటి తక్కువైంది. కెజియా అటూ ఇటూ చూసి, షెడ్డులో నుంచి నన్ను తీసుకొచ్చి, పచ్చి కాంక్రీటు చుట్టూ కప్పి, తీగతో కట్టింది. నొప్పేమీ లేదు. కాంక్రీటు లోపల ఇంకా వెచ్చగా ఉంది. రోశమ్మ బిందెతో నీళ్ళు పోస్తోంది. ఎండిపోతే బీటలు తీస్తుందట, అందుకే పోస్తూనే ఉండాలట. అంకమ్మరావు సార్ నాకు ఆనుకుని నిలబడి ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"కాదురా అబ్బాయ్, సీటు కోసం కాదు. నువ్వు ఒక్కసారి సోమవారం రా."